ముందు తెలిసేది స్నేహితులకే

యువత ప్రాణాలు కాపాడే పనిలో యువతే ముందు నిలవాలన్నది ఆదివాసీ సమాజాలు ప్రపంచానికి నేర్పిన పాఠం. ఉట్నూరు హాస్టళ్లకే కాదు, పురానాపూల్ బస్తీలకూ, మన అపార్ట్‌మెంట్లకూ అది పనికొస్తుంది.

ప్రభుత్వ ఆస్పత్రి మెడిసిన్ వార్డులో పనిచేసే ఏ డాక్టర్‌ను అడిగినా ఈ మాట చెబుతారు. తనకు తాను హాని చేసుకున్న పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల్ని తీసుకొచ్చినప్పుడు తల్లిదండ్రుల నోట మొదట వచ్చే మాట దాదాపు ఒకటే: "నిన్నటిదాకా మంచిగనే ఉండె సార్, మాకేం తెల్వదు." వాళ్లు అబద్ధమాడటం లేదు. వాళ్లకు నిజంగానే తెలియదు. కానీ వెంట వచ్చిన స్నేహితులను పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగితే చాలాసార్లు వేరే సంగతి బయటపడుతుంది. వారం రోజులుగా సరిగ్గా తినడం లేదని, క్లాసులు ఎగ్గొడుతున్నాడని, "నేను లేకుంటే అందరికీ హాయి" అన్నాడని వాళ్లకు తెలుసు. ఎవరికి చెప్పాలో మాత్రం తెలియలేదు. పైగా "ఎవరికీ చెప్పొద్దు" అని ఒట్టు వేయించుకుని ఉంటాడు.

ఆత్మహత్యల నివారణలో మన దగ్గరున్న పెద్ద ఖాళీ ఇదే. కష్టం ముందుగా తెలిసేది తోటి వయసు వారికి. సాయం చేయగలిగేది పెద్దలు. ఈ ఇద్దరి మధ్య దారి లేదు. ఆ దారి వేసి, దాని ఫలితాన్ని లెక్కకట్టి చూపించిన అనుభవాలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి పెద్ద నగరాల్లో కాక ఆదివాసీ సమాజాల్లో పుట్టాయి.

అంకెలు చెప్పేది, చెప్పనిది

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. 18 నుంచి 30 ఏళ్ల లోపు వారే మొత్తంలో మూడో వంతుకు పైగా ఉన్నారు. వృత్తుల వారీగా చూస్తే అందరికన్నా ఎక్కువ మంది రోజుకూలీలు, ప్రతి నలుగురిలో ఒకరికి పైనే. తెలంగాణలో లక్ష జనాభాకు ఆత్మహత్యల రేటు దేశ సగటుకు రెట్టింపు దాటింది.

ఈ నివేదికలో వయసు, చదువు, వృత్తి, ఆదాయం, పెళ్లి అయిందా లేదా అన్న వివరాలన్నీ ఉంటాయి. తెగ వివరం మాత్రం ఉండదు. అంటే ఆశ్రమ పాఠశాలలో చదివే గోండు పిల్లవాడు మరణించినా, నల్లమలలో చెంచు యువతి మరణించినా ఆ లెక్క వేల అంకెల్లో కలిసిపోతుంది. తెలంగాణలో 30 లక్షలకు పైగా గిరిజనులున్నారు. కొలాం, తోటి, చెంచు, కొండరెడ్డి తెగలను ప్రభుత్వమే ప్రత్యేకంగా బలహీనమైన తెగలుగా గుర్తించింది. అయినా వారి యువత మనసు స్థితి ఎలా ఉందో చెప్పే అంకె ఈ నివేదికలో దొరకదు. జ్వరాలను లెక్కపెట్టకుండా మలేరియాను అదుపు చేయలేం. ఇదీ అంతే.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన తెలుగు నేలకు సంబంధించినదే. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన విద్యార్థిని కేసులో తీర్పు చెబుతూ, న్యాయస్థానం దేశంలోని పాఠశాలలు, కళాశాలలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లన్నింటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేదాకా అవి తప్పనిసరిగా అమలు కావాలంది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాల్లో కనిపించాలి. ఎస్సీ, ఎస్టీ వంటి వర్గాల నుంచి వచ్చిన పిల్లలతో వివక్ష లేకుండా, వారి స్థితి అర్థం చేసుకుని మెలగడం సిబ్బందికి నేర్పాలని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. అంతకు ముందు మార్చిలోనే ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై విశ్రాంత న్యాయమూర్తి రవీంద్ర భట్ నేతృత్వంలో జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను కూడా సుప్రీంకోర్టే నియమించింది.

ఇవి మంచి ఆదేశాలు. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. కౌన్సెలర్ గది తలుపు ఎవరు తడతారు? కష్టంలో ఉన్న పిల్లవాడు తనంతట తాను వెళ్లి తట్టడం చాలా అరుదు. "పిచ్చోడు అనుకుంటారు", "ఇంటికి ఫోన్ చేస్తారు" అన్న భయం కాళ్లకు అడ్డం పడుతుంది. అతన్ని ఆ తలుపు దాకా నడిపించే చేయి పక్క మంచం మీద పడుకునే స్నేహితుడిదే. ఆ చేతికి బలమివ్వడం ఎలా?

అపాచీలు వేసిన దారి

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో వైట్ మౌంటెన్ అపాచీ అనే ఆదివాసీ తెగ ఉంది. జనాభా సుమారు 17 వేలు. 2001 ప్రాంతంలో వారి యువత వరుసగా ఆత్మహత్యలకు పాల్పడటంతో తెగ పెద్దల మండలి ఒక కఠినమైన నిర్ణయం తీసుకుంది. ఆత్మహత్య ఆలోచన, ప్రయత్నం, మరణం ఏదైనా సరే, ఎవరి దృష్టికి వచ్చినా నమోదు చేయాల్సిందే. టీచరు, పోలీసు, నర్సు, పొరుగువారు అందరికీ అదే నియమం. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం శాస్త్రీయ సాయం చేసింది. కానీ నిర్ణయం, నిర్వహణ తెగవారివే.

అసలు పని నమోదు తర్వాత మొదలవుతుంది. పేరు వచ్చిన ప్రతి మనిషి ఇంటికీ తెగకే చెందిన ఒక కార్యకర్త వెళ్తారు. ఆ కార్యకర్త సైకియాట్రిస్టు కాదు, శిక్షణ పొందిన ఊరి మనిషి. వాళ్ల భాషలో మాట్లాడి, చికిత్స దగ్గరికి చేర్చి, మళ్లీ మళ్లీ పలకరిస్తారు. తెగ వృద్ధులు బడులకు వెళ్లి పిల్లలకు తమ భాష, ఆచారాలు, బతుకు విలువ చెబుతారు. ఫలితం 2016లో ప్రచురితమైంది. 2001-06తో పోలిస్తే 2007-12లో ఆ తెగలో ఆత్మహత్య మరణాల రేటు 38 శాతం తగ్గింది. ఆ కాలంలో అమెరికా దేశవ్యాప్తంగా రేటు తగ్గలేదన్నది గమనించాలి.

ఇందులో మన డాక్టర్లు నేర్చుకోవాల్సిందీ ఉంది. ప్రాణం నిలబడి ఇంటికి వెళ్లిన తర్వాతి వారాలు, నెలలే అత్యంత ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన చెన్నై సహా ఐదు చోట్ల 1,867 మందిపై చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. కొందరికి మామూలు చికిత్స ఇచ్చి పంపారు. మరికొందరికి అదనంగా ఒక గంట మాట్లాడి, తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిది సార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో పలకరించారు. మామూలు చికిత్స పొందిన వారిలో ఆత్మహత్య మరణాలు 2.2 శాతం ఉంటే, పలకరించిన వారిలో 0.2 శాతమే. తొమ్మిది పలకరింపులకు అయ్యే ఖర్చెంత? ఐసీయూలో ఒక్క రోజు ఖర్చు కూడా కాదు.

వేరు బలంగా ఉంటే

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సుమారు 200 ఆదివాసీ సమాజాలున్నాయి. మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లలోండ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1987-92 మధ్య అక్కడి యువత ఆత్మహత్యలను పరిశీలించి 1998లో ఫలితం ప్రచురించారు. "ఆదివాసీ యువతలో ఆత్మహత్యలు ఎక్కువ" అన్న సాధారణ మాట సగమే నిజమని తేలింది. సగానికి పైగా సమాజాల్లో ఆ ఐదేళ్లలో ఒక్క యువ ఆత్మహత్యా లేదు. అత్యధిక మరణాలు కొద్ది సమాజాల్లోనే జరిగాయి.

తేడా ఎక్కడుంది? తమ భూమిపై హక్కు కోసం నిలబడటం, సొంత పాలన, తమ చేతిలో బడి, తమ చేతిలో వైద్యం, తమ సంస్కృతికి ఒక చోటు, తమ పోలీసు, అగ్నిమాపక సేవలు అనే ఆరు అంశాలను వారు చూశారు. ఇవి ఎన్ని ఎక్కువుంటే ఆత్మహత్యలు అంత తక్కువ. ఆరూ ఉన్న చోట సున్నా. ఇది ఒకదానికి ఒకటి కారణమని తేల్చిన ప్రయోగం కాదు, పోల్చి చూసిన అధ్యయనం మాత్రమే. అయినా అందులోని భావం మనకు పరాయిది కాదు. నేను ఎవరిని, ఎక్కడి నుంచి వచ్చాను, రేపు నా బతుకు ఎటు అన్న ప్రశ్నలకు జవాబున్న పిల్లవాడు కష్టకాలంలో నిలదొక్కుకుంటాడు.

ఈ కోణంలో మన ఆదిలాబాద్‌ను చూడండి. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించి, గోండి భాషలోనే పిల్లలకు చదువు మొదలుపెట్టించారు. అదే మార్లవాయి నుంచి వచ్చిన గుస్సాడీ కళాకారుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. దీపావళి ముందు దండారీ బృందాలు ఊరి నుంచి ఊరికి అతిథులుగా వెళ్తాయి. కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు మెస్రం వంశీయులు ఏటా కలుస్తారు. ఇవి పర్యాటకులు ఫొటోలు తీసుకునే వేడుకలు మాత్రమే కావు. వైద్యపరంగా చూస్తే ఇవి రక్షణ కవచాలు. యువకుడికి ఒక స్థానం, ఒక పని, ఒక గుంపు ఇచ్చేవి.

మరి ఏడెనిమిదేళ్లకే హాస్టల్‌కు వచ్చిన పిల్లవాడికి ఇంట్లో గోండి, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. ఇంటర్‌కు, డిగ్రీకి పట్నం వస్తాడు. యాస విని నవ్వేవారుంటారు. రిజర్వేషన్ సీటని దెప్పేవారుంటారు. దండారీకి సెలవు దొరకదు. కష్టం వస్తే చెప్పుకునే భాషే చుట్టూ ఉండదు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా అవతలి గొంతు తన భాషలో పలకకపోతే మనసులోది సగమే బయటికొస్తుంది. అలాంటి పిల్లవాడికి అదే భాష మాట్లాడే సీనియర్ విద్యార్థి తోడుంటే ఆ తేడా ఏ మందు చీటీకీ అందనిది.

పిల్లలే నాయకులైతే

1998లో అమెరికాలోని నార్త్ డకోటాలో గ్రామీణ, ఆదివాసీ ప్రాంతాల్లో ఒక కార్యక్రమం మొదలైంది. పేరు 'సోర్సెస్ ఆఫ్ స్ట్రెంత్', అంటే బలమిచ్చే ఆధారాలు. ఇందులో వివిధ గుంపుల నుంచి విద్యార్థులను పీర్ లీడర్లుగా ఎంచుకుంటారు. క్లాసు ఫస్టు వచ్చేవారినే కాదు, ఆటగాళ్లను, వెనక బెంచీ వారిని, పెద్దగా మాట్లాడని వారిని కూడా తీసుకుంటారు. ఎందుకంటే ఏ గుంపు మాట ఆ గుంపే వింటుంది. వారు చేసేది చికిత్స కాదు. కష్టమొచ్చినప్పుడు కుటుంబం, స్నేహితులు, నమ్మదగిన పెద్దలు, వైద్యం వంటి ఆధారాలు ఎలా పట్టుకోవాలో తమ మాటల్లో, తమ పోస్టర్లలో, తమ వీడియోల్లో తోటివారికి చెబుతారు. మరణం గురించి కథలు చెప్పరు, కష్టం నుంచి బయటపడిన తీరు చెబుతారు. అన్నింటికన్నా ముఖ్యంగా, ప్రమాదంలో ఉన్న స్నేహితుడి సంగతిని పెద్దల దగ్గరికి తీసుకెళ్తారు.

18 హైస్కూళ్లలో దీన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. పెద్ద బడుల్లో శిక్షణ పొందిన పీర్ లీడర్లు, శిక్షణ లేనివారితో పోలిస్తే, ఆత్మహత్య ఆలోచన ఉన్న స్నేహితుడి గురించి పెద్దలకు చెప్పే అవకాశం నాలుగు రెట్లు పెరిగింది. ఆపదలో పెద్దలు సాయపడతారన్న నమ్మకం బడి మొత్తంలో పెరిగింది. ఆ నమ్మకం అప్పటికే కష్టంలో ఉన్న పిల్లల్లో మరింతగా పెరిగింది.

ఐరోపాలోని పది దేశాల్లో 168 బడులు, 11 వేల మందికి పైగా విద్యార్థులతో జరిగిన మరో పెద్ద పరీక్ష 2015లో వెలువడింది. విద్యార్థులే పాత్రలు వేసి, చర్చించి, మనసు కష్టాలను అర్థం చేసుకునే పద్ధతిలో ఏడాది తర్వాత కొత్తగా ఆత్మహత్య ప్రయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి. అదే పరీక్షలో టీచర్లకు మాత్రమే శిక్షణ ఇచ్చిన పద్ధతి అంతటి ఫలితం చూపలేదు.

మన దేశం సంగతి? బిహార్‌లోని నలంద జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో 'సెహర్' అనే పరీక్ష జరిగింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో టీచర్లకు, కొన్నింటిలో శిక్షణ ఇచ్చిన స్థానిక కౌన్సెలర్లకు అప్పగించారు. స్థానిక కౌన్సెలర్లున్న బడుల్లో వాతావరణం మెరుగై, పిల్లల్లో దిగులు, హింస, వేధింపులు తగ్గాయి. టీచర్లకు అప్పగించిన చోట పెద్ద మార్పు రాలేదు. ఇది టీచర్ల తప్పు కాదు. సిలబస్, మార్కులు చూసే మనిషే మనసు కూడా చూడాలంటే పిల్లవాడు నోరు విప్పడు.

పురానాపూల్‌లో ఇది ఎలా సాధ్యం?

1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ ఇప్పుడు కూరగాయల బండ్లతో నిండి ఉంటుంది. దానికి అటూ ఇటూ జియాగూడ, ధూల్‌పేట, కార్వాన్ బస్తీలున్నాయి. ఇక్కడి యువతలో చాలామంది ఏ కాలేజీ హాజరు పట్టీలోనూ లేరు. మెకానిక్ షెడ్డులో, విగ్రహాల తయారీలో, డెలివరీ బండి మీద, చిన్న దుకాణంలో ఉన్నారు. పదో తరగతి దగ్గరే చదువు ఆగిన ఆడపిల్లలు ఇంట్లో ఉన్నారు. సుప్రీంకోర్టు ఆదేశించిన కౌన్సెలర్ వీరికి దొరకడు. జాతీయ లెక్కల్లో రోజుకూలీల వాటా అంత పెద్దగా ఉందంటే, కాలేజీ గోడ బయటున్న ఈ యువతను మనం మరచిపోకూడదు.

అయితే అపాచీలకు తెగ ఉన్నట్టు ఇక్కడ బస్తీ ఉంది. ప్రతి గల్లీలో వినాయక మండపం పెట్టే యువజన సంఘముంది. బోనాలకు, మొహర్రంకు, రంజాన్ ఇఫ్తార్‌కు తిరిగే కుర్రాళ్లున్నారు. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాలేదో, ఎవరి ఉద్యోగం పోయిందో వీళ్లకు ముందే తెలుస్తుంది. రక్తం కావాలంటే అర్ధరాత్రి కూడా బండేసుకుని వచ్చేది వీళ్లే. ఈ సంఘాల నుంచి గల్లీకి నలుగురిని, అందులో ఇద్దరు అమ్మాయిలుండేలా ఎంచుకుని, రెండు రోజుల శిక్షణ ఇచ్చి, దగ్గరి బస్తీ దవాఖానాతో జోడిస్తే మనకూ ఒక దారి పడుతుంది. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ ఏ ఇంట్లో ఏది మాట్లాడితే ఆ భాషలో మాట్లాడే మనిషి ఉండాలి. అపాచీలు చెప్పిన మొదటి పాఠం అదే: పలకరించేవాడు మనవాడై ఉండాలి.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఒక షరతు మాత్రం తప్పదు. కుర్రాడు సమాచారం తెచ్చిన రోజున దాన్ని అందుకునే పెద్దవాడు, అంటే బస్తీ దవాఖానా డాక్టరో నర్సో కౌన్సెలరో, ఆ రోజే స్పందించాలి. "రేపు రా" అంటే ఆ పిల్లవాడు ఇంకోసారి ఎవరి సంగతీ తీసుకురాడు.

తోటివారు చేయాల్సినవి మూడే

మొదటిది, అడగడం. స్నేహితుడి మాటల్లో చావు ప్రస్తావన పదేపదే వస్తున్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, నిద్ర, తిండి, చదువు, స్నానం ఒక్కసారిగా మారిపోయినా, చాలా దిగులుగా ఉన్నవాడు కారణం లేకుండా హఠాత్తుగా ప్రశాంతంగా మారినా పక్కకు తీసుకెళ్లి నేరుగా అడగాలి: "బతకాలని లేదనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అధ్యయనాలు దాన్ని సమర్థించలేదు. అడిగితే చాలామందికి బరువు దిగినట్టుంటుంది.

రెండోది, వినడం. "దీనికే ఇంత బాధా?", "మీ అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా?", "ధైర్యంగా ఉండాలి" లాంటి మాటలు తలుపు మూసేస్తాయి. "చెప్పు, నేనున్నా" అన్నది చాలు. పరిష్కారం చెప్పక్కర్లేదు.

మూడోది, చెప్పడం. ప్రాణానికి సంబంధించిన రహస్యం రహస్యం కాదు. "ఎవరికీ చెప్పొద్దు" అంటే, "నీతోనే ఉంటాను, కానీ ఇది నా ఒక్కడి వల్ల కాదు, ఇద్దరం కలిసి ఒకరికి చెబుదాం" అనాలి. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఒంటరిగా వదలకూడదు. పెద్దలకు చెప్పినందుకు స్నేహితుడు పది రోజులు మాట్లాడకపోవచ్చు. పర్వాలేదు. మాట్లాడకపోవడానికైనా అతను ఉంటాడు.

చేయకూడనివీ ఉన్నాయి. రాత్రంతా ఒక్కరే కాపలా ఉండి, మందులు సూచించి, కౌన్సెలర్ పాత్ర పోషించకూడదు. పదిహేడేళ్ల పిల్లల భుజాల మీద ప్రాణాల బాధ్యత పెట్టడం యువత నాయకత్వం కాదు, పెద్దల తప్పించుకోవడం. సాయం చేసిన పిల్లలను కూడా తర్వాత కూర్చోబెట్టి మాట్లాడాలి. అన్నీ చేసినా ఒక ప్రాణం పోతే అది వాళ్ల తప్పు కాదని స్పష్టంగా, పదిసార్లు చెప్పాలి. హాస్టల్లోగానీ బస్తీలోగానీ ఒక మరణం జరిగాక ఫొటోలు, వీడియోలు, ఎలా జరిగిందన్న వివరాలు వాట్సాప్‌లో తిప్పకూడదు. అవి కష్టంలో ఉన్న మరొకరిని అదే వైపు నెట్టే ప్రమాదముంది.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక మూల్యాంకనంలో తప్పులు దొర్లాయన్న ఆందోళనలు, ఇరవై మందికి పైగా విద్యార్థుల మరణాలు ఎవరూ మరచిపోలేదు. తర్వాత జవాబు పత్రాలు మళ్లీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది. మార్కుల జాబితా తప్పయ్యే అవకాశముందన్నది ఇందులో ఒక పాఠం. అది తప్పు కాకపోయినా ఒక పరీక్ష మాత్రమేనన్నది అంతకన్నా పెద్ద పాఠం. ఫలితాల రోజున పిల్లల్ని ఒంటరిగా వదలకండి. ఫలితం కన్నా ముందే చెప్పండి: "ఏది వచ్చినా సప్లిమెంటరీ ఉంది, ఇల్లు ఉంది, మేమున్నాం."

మీ పిల్లల స్నేహితుల పేర్లు, ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయా? వాళ్లు ఇంటికి వస్తే చదువు, ర్యాంకు అడగకుండా భోజనం పెట్టండి. "ఎప్పుడైనా మా వాడి గురించి భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి నాన్నా, నేను అరవను, నీ పేరు చెప్పను" అని ముందే మాటివ్వండి. మాటిచ్చాక నిలబెట్టుకోండి. మీ పిల్లలే ఒక స్నేహితుడి సంగతి తెస్తే "మనకెందుకు" అనకండి. ఆ ఒక్క మాటతో పిల్లలు జీవితాంతం నోరు మూసుకోవడం నేర్చుకుంటారు. ఇంట్లో ప్రమాదకరమైన మందులు, రసాయనాలు అందుబాటులో లేకుండా తాళంలో పెట్టండి. ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు దాటించగలిగితే సాయం అందే వ్యవధి దొరుకుతుంది.

ఇక కేసు భయం. ఆస్పత్రికి తెస్తే పోలీసు కేసవుతుందని, పిల్ల పెళ్లి చెడుతుందని చాలా కుటుంబాలు జరిగింది దాస్తాయి, పొరపాటున జరిగిందంటాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. పైగా చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్‌కు 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోటే లేదు. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ నమోదు చేయడం నియమం, అది పిల్లవాడి మీద నేరం మోపడం కాదు. డాక్టర్‌కు నిజం చెబితే సరైన చికిత్స వెంటనే మొదలవుతుంది. నిజం దాస్తే శరీరానికి వైద్యం జరిగి మనసు అలాగే ఇంటికెళ్తుంది.

ప్రభుత్వం ముందున్న పని

2022 నవంబర్‌లో కేంద్రం జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం ప్రకటించింది. 2030 నాటికి మరణాలను 10 శాతం తగ్గించడం లక్ష్యం. తెలంగాణ దాన్ని అందుకోవాలంటే నాలుగు పనులు వెంటనే చేయొచ్చు. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లలో గోండి, కొలామీ, కోయ, లంబాడీ భాషలు మాట్లాడే పెద్ద విద్యార్థులను, పూర్వ విద్యార్థులను పీర్ లీడర్లుగా తయారు చేయాలి. ఐటీడీఏ పరిధిలో ప్రతి ప్రయత్నాన్నీ, మరణాన్నీ పేరు బయటికి రాకుండా నమోదు చేసి, అపాచీల మాదిరి ఇంటికెళ్లి పలకరించే కార్యకర్తలను అదే తెగ నుంచి నియమించాలి. హాస్టల్ క్యాలెండర్‌లో దండారీకి, నాగోబా జాతరకు సెలవుండాలి. నగరంలో బస్తీ దవాఖానాలను యువజన సంఘాలతో కలపాలి. ప్రభుత్వ ఆస్పత్రుల నుంచి డిశ్చార్జి అయిన ప్రతి ఒక్కరికీ ఏడాదిన్నర పాటు ఫోన్ పలకరింపు వీటన్నింటికీ తోడు కావాలి.

ఈ పనులు ఆదివాసీల కోసం మనం చేసే ఉపకారం అనుకుంటే పొరపాటు. ఉపాయం వాళ్లదే. కొన్ని దశాబ్దాల కష్టంలోంచి వాళ్లు కనిపెట్టింది మనం అరువు తెచ్చుకుంటున్నాం. ఈ వారం మీ ఇంట్లో టీనేజీ పిల్లలతో ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి: "నీ స్నేహితుల్లో ఎవరికైనా ఈ మధ్య మనసు బాగాలేదా?" జవాబు వెంటనే రాకపోవచ్చు. అడిగే మనిషి ఇంట్లో ఉన్నారని మాత్రం వాళ్లకు తెలుస్తుంది.

సాయం కావాలంటే

మీకుగానీ మీకు తెలిసినవారికిగానీ బతకాలని లేదనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416కు, లేదా 1800-891-4416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది. తెలుగులో, ఉర్దూలో మాట్లాడొచ్చు. 18 ఏళ్ల లోపు పిల్లల కోసం 1098. ప్రాణాపాయం ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి దగ్గరి ఆస్పత్రికి చేర్చండి.